కంబళికి కత్తెర పెట్టను

నాయనకు దండాలు. మనాలిలో నేను బాగున్నాను.

మొన్న నువ్వు నేసిన కంబళి కప్పుకొని, టూరిస్టులను తిప్పే నాలుగు చక్రాల ఏటీవీ బండిని మంచులో తోలాను. కంబళి అంచు వెనక చక్రానికి చుట్టుకొని నన్ను కింద పడేసింది. మోచెయ్యి గీసుకుంది, అంతే. నాతో పనిచేసే బద్వేలు నవీద్ లేపి, “గొర్రెలు కాస్తాండావా సుజనా? ఉన్ని లోపల ఉండాల, గాలి చొరని కోటు పైన ఉండాల. దీన్ని కత్తిరించి బనీను కుట్టుకో” అన్నాడు. మగ్గం దిగిన కంబళికి మనింట్లో కత్తెర పెట్టరని చెప్పాను.

నల్ల గొర్రెపిల్ల బొచ్చు తీశారా? ఆ మెత్తటి ఉన్నితో బనీనుకు ముందొక పట్టీ, వెనకొక పట్టీ నేసి పంపు. పక్కలు నేనే కుట్టుకుంటాను.

అమ్మకు ధైర్యం చెప్పు. ఇంటికి రమ్మని మాత్రం రాయొద్దు. ఈ కార్డు పోస్టు డబ్బాలో వేసి మళ్లీ ఆ ఏటీవీ బండే ఎక్కుతున్నాను.

నీ కూతురు
సుజన