జోళ్ళ అడుగున గీత

ప్రియమైన పిట్టకి,

రెండు జతల తీగ జోళ్ళు ఇవాళే కొరియర్‌లో వేశాను. శనివారానికి అందాలి. అందకపోతే వెంటనే చెప్పు, ఆ కొరియరాయన రోజూ మన షాపు ముందే బండి పెడతాడు, నా దగ్గర తప్పించుకోలేడు. ఈసారి తోలు కాస్త మందంగా దొరికింది. రెండ్రోజులు చేత్తో నలిపి మెత్తబరుచుకో. మెత్తబడతాయి కదా అని వేసుకుని నేల మీద తిరగకు తల్లీ, అడుగుతోలు బండబారిపోతుంది. తీగవి తీగకే. ఏటా చెప్పే మాటే, ఏటా చెప్తాను.

నీ పాత జత కౌంటర్ మీద పెట్టుకుని విప్పుతుంటే ఒకాయన చూశాడు. "ఇదేంటమ్మా అడుగున గీత? సైకిలెక్కించారా?" అన్నాడు. మా ఆడపడుచు సర్కస్‌లో తీగ మీద నడుస్తుందండీ, ఆ తీగ ఒరుసుకున్న గీత, బొటనవేలి పక్కనుంచి మడమ మధ్యదాకా ఎంత నిటారుగా ఉందో చూడండి అని గొప్పగా చెప్పా. "ఏనుగులుంటాయా?" అన్నాడు. ఇప్పటి సర్కస్‌లో జంతువులుండవు, అంతా మనుషులే అన్నా. "మరి దానికి టిక్కెట్టెందుకు?" అని తన చెప్పులు తీసుకుని పోయాడు. కుట్టింది సరిగ్గా ఉందో లేదో కూడా చూసుకోలేదు.

మీ అన్న మామూలే. "నేను కట్టిన తీగకి లిఫ్టు వేలాడుతుంది, జనం లోపల తలుపేసుకుని బుద్ధిగా నిలబడతారు. ఇదేమో తీగ నెత్తినెక్కి నిలబడుతుంది. మా ఇంటి తెలివంతా నాకే వచ్చింది" అంటాడు. నవ్వు ఆపుకోలేక లోపలికెళ్ళా.

ఫోన్ చేస్తే ఊఁ, ఆఁ తప్ప అనవు. రాస్తే నీకు కాస్త మాటలొస్తాయి. అందుకని రాయి.

నీ వదిన

&nbsp;

ప్రియమైన వదినకి,

జోళ్ళు అందాయి. ఎడమది సరిగ్గా పట్టింది. వేలు వంకర గుర్తుపెట్టుకున్నావు.

ఇక్కడ ఎనిమిది మందిమి, ఒక లారీ. పొద్దున సామాను దించుతాం, మధ్యాహ్నం బిగిస్తాం, సాయంత్రం షో, ఆ తర్వాత అంతా విప్పి మళ్ళీ ఎక్కిస్తాం. గంటసేపు చప్పట్లు, మిగతాదంతా మోత. మొన్నటి హాల్లో అద్దం లేదు, లారీ సైడ్ మిర్రర్‌లో చూసుకుని జుట్టు ముడేసుకున్నాను.

ఒక పత్రికావిడ వచ్చి, ఇదంతా ఎలా మొదలైంది అని అడిగింది. మా వదిన పెళ్ళై వచ్చిన కొత్తలో తన హ్యాండ్‌బ్యాగు కోసి నాకు జోళ్ళు కుట్టింది, అలా అన్నాను. రాసుకోలేదు. సర్కస్ బడిలో మూడేళ్ళు, వీధుల్లో నాలుగేళ్ళు, ఈ కంపెనీలో ఏడేళ్ళు అంటే మాత్రం రాసుకుంది.

ఈ సీజన్ అవగానే కొత్త షో. డైరెక్టరమ్మ దాన్ని మొత్తం తీగ చుట్టూనే అల్లుతోంది. "నువ్వు లేకపోతే ఈ షో లేదు" అంది. కాఫీ కలుపుతూ అంది కాబట్టి ఎంత నమ్మాలో తెలీదు.

ఉంటాను,
పిట్ట

&nbsp;

ప్రియమైన పిట్టకి,

రెండు నెలలైంది నువ్వు రాసి. పోనీలే, పని ఉంటుంది. నేనూ స్కూళ్ళు తెరిచే రోజులు కదా, తల ఎత్తలేదు. ఊళ్ళో పిల్లలందరి కాళ్ళూ ఒకేసారి పెరిగినట్టున్నాయి.

కొత్త అడుగుతోలు వేయించడానికి పంపిన జత అందింది. విప్పాను. పిట్టా, గీత లేదేంటి? రెండు నెలలు తొడిగిన జోళ్ళకి అడుగున ఎక్కడా తీగ గీత లేదు. మడమ బయటివైపు అరిగింది, ముందువైపు గీరుకుపోయింది, కుట్ల సందుల్లో సిమెంటు దుమ్ము. బ్రష్షుతో దులిపితే కౌంటర్ మీద గుప్పెడు పడింది. తీగ ఏమైనా మార్చారా? నాకు తెలిస్తే దానికి తగ్గ తోలు వేస్తాను.

మీ అన్న ఒక ఆఫీసు లిఫ్టులో గంటన్నర ఇరుక్కున్నాడు. బాగుచెయ్యడానికి వెళ్ళి తనే ఇరుక్కున్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు, నీకు చెప్తున్నా.

నీ వదిన

&nbsp;

ప్రియమైన వదినకి,

అవును, తీగ మార్చారు. కొత్తదానికి గుడ్డ చుట్టారు, అందుకే గీత పడదు. మామూలు తోలే వెయ్యి.

షోలు బాగానే జరుగుతున్నాయి. అన్నయ్య ఇరుక్కున్న సంగతి చదివి అందరం నవ్వాం.

పిట్ట

&nbsp;

ప్రియమైన పిట్టకి,

గుడ్డ చుట్టిన తీగ మీద నడిస్తే మడమ బయటివైపు ఎందుకు అరుగుతుంది? సిమెంటు ఎక్కణ్ణించి వస్తుంది? పాతికేళ్ళుగా జనం కాళ్ళ కింద ఉన్నవి చూసి బతుకుతున్నదాన్ని. ఫలానా ఆయన ఆఫీసుకి నడిచి వెళ్తున్నాడో, బండి అమ్మేశాడో, కాలు నొప్పి దాచుకుంటున్నాడో వాళ్ళావిడ కంటే ముందు నాకు తెలుస్తుంది. నువ్వు తీగెక్కట్లేదు. తీగ జోళ్ళేసుకుని నేల మీద తిరుగుతున్నావు.

ఎందుకని అడగను. చెప్పాలనుకున్నప్పుడు చెప్తావు. ఈ పార్సిల్‌లో బూట్లున్నాయి చూడు, అవి నేలకి. నీ పాదం అచ్చు మీదే కుట్టాను, రబ్బరు సోల్, చీలమండ దాకా పట్టి ఉంటాయి, బరువులు ఎత్తినా జారవు. పని మీద ఉన్నప్పుడు ఇవి వేసుకో. తీగ జోళ్ళు విప్పి పెట్టెలో పెట్టు. పాడు చేసుకుంటుంటే చూడలేను, కుట్టింది నేను కదా.

మీ అన్నకి చెప్పలేదు. బూట్లెవరికి అంటే కస్టమర్‌కి అన్నా. "ఈ వంకర వేలు కస్టమరా" అని వెళ్ళిపోయాడు.

నీ వదిన

&nbsp;

ప్రియమైన వదినకి,

బూట్లు సరిపోయాయి.

నేను పడలేదు. ముందు అది చెప్పాలి, నువ్వు అదే అనుకుంటూ ఉంటావు. పడి ఉంటే బాగుండేది, చెప్పుకోడానికి కారణం ఉండేది. జోళ్ళు అందాయని నీకు రాసిన మర్నాడే, కొత్త జత మొదటిసారి తొడిగిన షో. మామూలుగానే నిచ్చెనెక్కి తీగ కొసనుండే చెక్క మీద నిలబడ్డాను. లైటు పడింది. సంగీతం మొదలైంది. కుడికాలు తీగ మీద పెట్టాలి. పెట్టలేదు. భయం అని కూడా అనలేను, చెయ్యి ఎత్తమంటే ఎత్తాను, తల తిప్పమంటే తిప్పాను, కాలు మాత్రం నాది కాదన్నట్టు ఉంది. సంగీతం రెండుసార్లు తిరిగి మొదటికొచ్చింది. వంగి నమస్కారం పెట్టి నిచ్చెన దిగిపోయాను. జనం చప్పట్లు కొట్టారు, అదే ఐటమ్ అనుకున్నారు.

తీగ ఎత్తు ఎంతో తెలుసుగా నీకు. అన్నయ్య పక్కన నిలబడితే చెయ్యి పెట్టి అందుకోగలడు.

డాక్టరు చెవులు చూశాడు, కళ్ళు చూశాడు, ఏమీ లేదన్నాడు. ఆ తర్వాత పదకొండుసార్లు ఎక్కాను. పదకొండుసార్లూ దిగాను. తీగ బిగించే ఆయన వేరే కంపెనీకి వెళ్ళిపోతే ఆ పని నేను తీసుకున్నాను. రెండు ఇనుప కాళ్ళు నిలబెట్టి, మధ్యలో తీగ లాగి, చేత్తో తిప్పే యంత్రంతో బిగించడం. లారీకి సామాను ఎక్కించడం, హాలు ఊడవడం కూడా. అన్నీ తీగ జోళ్ళతోనే చేశాను. విప్పితే ఒప్పుకున్నట్టు అవుతుందనిపించింది.

కొత్తమ్మాయి ఒకర్తి వచ్చింది. ఇరవై రెండేళ్ళు, బాగా నడుస్తుంది. కొత్త షోకి అయిదు వారాలుంది. డైరెక్టరమ్మ నాకు మూడు వారాలు టైమిచ్చింది. ఆ లోపు నేను తీగ దాటితే షో నాది, లేకపోతే ఆ అమ్మాయిది. తీగ బిగించే పని కావాలంటే ఉంచుతుందట. కావాలో వద్దో నాకు తెలీదు. రోజూ దాని కింద నిలబడి, పైన ఇంకొకళ్ళని చూడాలి కదా.

పిట్ట

&nbsp;

ప్రియమైన పిట్టకి,

పొద్దున షాపు తియ్యగానే చదివాను. ఇద్దరు కస్టమర్లు వచ్చి, నేను తలెత్తకపోయేసరికి వాళ్ళే చెప్పులు వెతుక్కుని వెళ్ళారు. ఒకావిడ వేరేవాళ్ళవి తీసుకెళ్ళింది, సాయంత్రం తగువైంది.

మంచిమాటలు చెప్పడం నాకు రాదు. నాకు వచ్చింది చెప్తాను. షాపులో రెండో కుర్చీ ఖాళీగా ఉంది. జాలిపడి అనట్లేదు, నిజంగానే మనిషి కావాలి, అచ్చులు పట్టుకోడానికి, కొలతలు తీయడానికి. పాదాల గురించి నీకు తెలిసినంత ఎవరికి తెలుసు. వస్తానంటే రేపటినుంచే పని. రానంటే ఆ కుర్చీలో పార్సిళ్ళు పెట్టుకుంటా, దానికేం నొప్పిలేదు.

మీ అన్నకి చెప్పేశాను. కోప్పడకు. అరుస్తాడనుకున్నా, అరవలేదు. టీ గ్లాసు తిప్పుతూ "తీగ మన పిట్టే బిగిస్తోందా?" అన్నాడు. అవునట అన్నా. "బిగించాక ముందు ఎవరెక్కుతున్నారు?" నాకేం తెలుసు అన్నా. "మా పనిలో తీగ కట్టినవాడే ముందెక్కాలి. పైదాకా వెళ్ళి దిగొచ్చాకే జనాన్ని ఎక్కించాలి. కట్టి, పక్కన నిలబడి ఇంకొకళ్ళని ఎక్కమనకూడదు. దానికి రాయి." అంతే, వెళ్ళి స్నానం చేశాడు. చెల్లెలు ఇంత బాధలో ఉంటే ఈయనకి లిఫ్టు రూల్సు కావాల్సి వచ్చాయి! నాకైతే ఒళ్ళు మండింది. రాయమన్నాడు కాబట్టి రాశాను. నువ్వు పట్టించుకోకు.

నీ వదిన

&nbsp;

పిట్టా,

ఆరు వారాలు. ఒక్క అక్షరం లేదు. ఇవాళ పార్సిల్ వచ్చింది, అందులోనూ ఉత్తరం లేదు. కొత్త సోల్ వేయమని చీటీ ముక్క ఒకటి. రేపోమాపో నువ్వే సంచి తగిలించుకుని వస్తావని కుర్చీ మీద పార్సిళ్ళు కూడా తీసేశాను.

ముందు తీగ జోళ్ళు విప్పాను. గీత ఉంది! నిటారుగా, నల్లగా. లేచి నిలబడ్డాను. పక్క కొట్టు తాళాలాయన ఏమైంది అక్కా అన్నాడు. మా పిట్ట ఎక్కిందయ్యా అన్నా. ఆయనకేం అర్థమై ఉంటుంది. తర్వాత లోపల చెయ్యి పెట్టి చూస్తే, ఎడమదాన్లో వేలు గుంట నీది కాదు. తిన్నని వేలు. ఇవి ఆ కొత్తమ్మాయికి ఇచ్చేశావు కదూ. కూర్చుండిపోయాను.

సరే, పని పనే కదా అని బూట్లు తిరగేశాను. బూట్లకీ గీతే. రబ్బరు సోల్ మీద, బొటనవేలి పక్కనుంచి మడమ మధ్యదాకా, కోసినట్టు లోతుగా. లోపల వేలు నీదే, వంకరది. మీ అన్నకి చూపిస్తే ట్యూబులైటు కిందకి తీసుకెళ్ళి గోటితో గీరి, "రోజూ ఎక్కింది" అని నా చేతిలో పెట్టి, కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

బూట్లతో తీగెక్కుతారా ఎవరైనా? నాకు బుర్ర పనిచెయ్యట్లేదు. వెంటనే రాయి.

వదిన

&nbsp;

ప్రియమైన వదినకి,

చీటీ ఒక్కటే పెట్టడం తప్పే. బూట్లు నీకు చెప్పేస్తాయనుకున్నాను, నువ్వు చదవగలవు కదా.

అన్నయ్య మాట చదివిన రోజు మధ్యాహ్నం తీగ బిగించాను. కొత్తమ్మాయి ప్రాక్టీసుకి వచ్చి నిచ్చెన మీద చెయ్యి వేసింది. ఆగు అన్నాను. బిగింపు సరిపోయిందో లేదో చూడాలి, బిగించింది నేను, అందుకని ఎక్కాను. చేతిలో స్పానర్ ఉంది. ఒక కొసన వదులుగా ఉన్నట్టు అనిపించింది, ఎక్కడో తెలియాలంటే రెండడుగులు వెయ్యాలి. వేశాను. అక్కడ కాదు. ఇంకో రెండు. వదులు అవతలి కొసన ఉంది. అక్కడికి వెళ్ళి, వంగి, మర బిగించి, అప్పుడు చూసుకున్నాను, అవతలి చెక్క మీద ఉన్నాను. బూట్లలో కాలికి తీగ సరిగ్గా తెలియదు. అందుకే వెళ్ళానేమో. ఎందుకని నన్ను నేను అడగడం మానేశాను.

కొత్తమ్మాయి "అక్కా, బిగింపు సరిపోయిందా?" అంది. సరిపోయింది అన్నాను. వెంటనే నిచ్చెనెక్కి ప్రాక్టీసు మొదలుపెట్టింది ఆ పిల్ల. నచ్చింది.

తర్వాత తీగ జోళ్ళేసుకుని, లైట్లు వేసి ప్రయత్నించాను. కాలు కదల్లేదు. ఇప్పటికీ కదలదు. మూడు వారాలు అయిపోయాయి, జోళ్ళు ఆ అమ్మాయికి ఇచ్చాను. ఆ పూటంతా లారీలో పడుకున్నాను. మర్నాడు తీగ బిగించాలి కాబట్టి లేచాను.

డైరెక్టరమ్మ నేను బిగింపు చూసుకోడం రెండు రోజులు వెనక సీట్లలో కూర్చుని చూసిందట. "జనం లోపలికి వస్తున్నప్పుడు చెయ్యి ఆ పని. లైటు వెయ్యను, సంగీతం పెట్టను. నీ పని నువ్వు చేసుకో" అంది. ఇప్పుడు షో అలాగే మొదలవుతుంది, పోస్టర్ మీద పేరు ఆ అమ్మాయిదే. తలుపులు తీస్తారు, జనం సీట్లు వెతుక్కుంటుంటారు, నేను బూట్లతో, స్పానర్‌తో తీగ మీద ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్తాను. సగం మంది తలెత్తి చూడరు. మొదటి రోజు నేను సరిగ్గా మధ్యలో ఉండగా ఒకాయన కింద నిలబడి "అమ్మా, బాత్రూమ్ ఎటు?" అన్నాడు. ఎడమవైపు, మెట్ల పక్కన అని స్పానర్‌తో చూపించాను. థాంక్స్ చెప్పి వెళ్ళాడు. అవతలి చెక్క మీదకి చేరాక గానీ నవ్వు రాలేదు.

కుర్చీ మీద పార్సిళ్ళు మళ్ళీ పెట్టుకో వదినా. అన్నయ్యకి లిఫ్టు రూలు పనిచేసిందని చెప్పు, ఎక్కువ చెప్పకు.

బూట్లు తొందరగా పంపు, అదే రబ్బరు వెయ్యి. గురువారం షో ఉంది. నిన్న మామూలు చెప్పులతో బిగించి, జారతాయని ఎక్కలేదు. బిగింపు బాగానే ఉంది, నువ్వెక్కు అన్నాను కొత్తమ్మాయితో. నిచ్చెన కింద చేతులు కట్టుకుని నిలబడింది. "బిగించినవాళ్ళు ఎక్కకుండా నేనెక్కను" అంది.

ఉంటాను,
నీ పిట్ట