మూసీ వెంట నేను నడవని ముక్క

నాచారం,
ఆదివారం సాయంత్రం.

అక్కా,

నీకూ బావకూ నా దండాలు. నీ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? బావ దగ్గు తగ్గిందా? మేనకోడలు స్వప్నకు పరీక్షలు దగ్గర పడ్డాయి కదా, పొలం పనికి పిలవకండి, చదువుకోనివ్వండి. ఇక్కడ నేను, రజిత, చిన్నది ముగ్గురం బాగానే ఉన్నాం. మా గురించి బెంగ పెట్టుకోకు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని అనుకుంటావు. ఈ సంగతి చెబుదామని మూడుసార్లు ఫోన్ చేశాను. నువ్వు "ఏంరా తమ్మి, తిన్నవా?" అనగానే నోరు రాక వేరే మాటల్లో పడ్డాను. అందుకే రాస్తున్నాను. స్వప్నతో చదివించుకోకు, నువ్వే చదువు. అక్షరాలు పెద్దగా రాస్తున్నాను.

ఇక్కడ ఎండలు అప్పుడే ముదిరాయి. మా షెడ్డుది రేకుల కప్పు. మధ్యాహ్నానికి లేతు మిషన్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. పని మాత్రం ఉంది, దానికి ఫికర్ లేదు. నువ్వు పంపిన పచ్చజొన్నలు అయిపోవచ్చాయి. ఎవరైనా ఇటు వస్తే ఇంకాసిని పంపు.

నేను ప్రతి ఆదివారం మూసీ వెంట నడుస్తున్నానని నీకు తెలుసు. హబ్సిగూడలో ఉండే ప్రభాకరరావు సారు, రైల్వేలో రిటైరైన పెద్దమనిషి, ఒక పది మందిని పోగు చేశాడు. అనంతగిరి గుట్టల్లో మూసీ పుట్టిన చోటు నుంచి వాడపల్లిలో కృష్ణలో కలిసే దాకా నడవాలని ఆయన కోరిక. ఉద్యోగాలవాళ్లం కనుక ముక్కలు ముక్కలుగా నడిచాం. ఒక ఆదివారం ఎక్కడ ఆగితే వచ్చే ఆదివారం బస్సులో అక్కడికే పోయి మొదలుపెట్టేవాళ్లం. షెడ్డులో ఒకతను తన పాత కెమెరా నాకిచ్చేశాడు. దారంతా ఫోటోలు తీసే పని నాది.

ఈ ఊరికి వచ్చి పదకొండేళ్లయింది కదా అక్కా. షెడ్డులో నన్ను పేరు పెట్టి పిలిచేది ఇద్దరే. మిగతావాళ్లకు నేను మూడో నంబరు మిషన్. ఆ ఫోటోలు ఫేస్‌బుక్‌లో పెట్టడం మొదలయ్యాకే సూపర్వైజరు నా పక్కన నిలబడి "నువ్వా సమ్మయ్యా, మస్తు తీసినవ్!" అన్నాడు. ఆ మాట నాకు ఎంత తీపిగా అనిపించిందో చెప్పలేను. ఇది తప్పించుకోవడానికి రాయడం లేదు. ఎక్కడ మొదలైందో నీకు తెలియాలని రాస్తున్నాను.

కార్తీకంలో ఒక ఆదివారం మేం ఉప్పల్ దాటి, అన్నోజిగూడకు దక్షిణాన ఏటి ఒడ్డున ఒక ఊరు చేరాం. ఆ ఊరి పేరు రాయను. ఒకసారి రాసి చేసింది చాలు. నేను ఫోటోల కోసం వెనకబడ్డాను. ఒక పాలకూర మడి దగ్గర ఒకామె నన్ను చూసి నవ్వింది.

"కెమెరా మెడలేస్కొని ఏడికి వోతున్నవ్ బిడ్డా గింత ఎండల?"

"కృష్ణా దాకమ్మా, నడ్సుకుంట."

"నడ్సుకుంటనా! బస్సులు బందైనయా ఏంది?"

ఆమె పేరు యాదమ్మ. భర్త యాదగిరి. వద్దన్నా వినకుండా ఇద్దరూ నన్ను బోరు షెడ్డు నీడలో కూర్చోబెట్టి తమ సద్దిలోంచి జొన్నరొట్టె, పాలకూర పప్పు పెట్టారు. వాళ్లు కూరను బోరు నీళ్లతో పండిస్తారు, బోరు తొట్టిలోనే కడుగుతారు. మూసీ నీళ్లు బర్రెల గడ్డికి తప్ప ముట్టుకోరు. ఇదంతా నేను చూశాను.

తిన్నాక యాదమ్మ గడ్డి మోసే గోనెసంచి బురద వదిలించడానికి ఏట్లోకి దిగింది. అక్కడ మోకాళ్ల ఎత్తున తెల్లటి నురగ. పక్కనే గట్టు మీద పాలకూర కట్టలు పేర్చిన గంప. నురగలో వంగిన మనిషి, పచ్చటి గంప, వెనక దూరంగా కొత్త అపార్టుమెంట్లు. ఫోటో తీశాను. చాలా బాగా వచ్చింది.

సాయంత్రం ఇంటికొచ్చి ఆ ఫోటోను ఫేస్‌బుక్‌లో పెట్టాను. ఊరి పేరుతో సహా దాని కింద ఇట్లా రాశాను: "మన పాలకూర కడిగేది ఈ నీళ్లలోనే."

అబద్ధమని తెలిసే రాశాను అక్కా. నిజం రాస్తే ఎవరూ ఆగి చూడరని రాశాను.

రెండు రోజుల్లో ఆ ఫోటో ఎవరెవరి ఫోన్లకో పాకింది. షెడ్డులో అందరూ నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. గురువారం రజితతో ఉప్పల్ మార్కెట్‌కు పోయాను. రజిత పాలకూర కట్ట తీసి చూస్తుంటే అమ్మే ఆమె తొందరగా అంది, "ఫికర్ వడకు అమ్మా, గిది గా మూసీ ఒడ్డుది గాదు, మేడ్చల్ దిక్కుది. గా ఫోటో సూడలేదా? గా ఊరోళ్ల కూర ఎవ్వలు ముడ్తలేరు. ఆటోల తెచ్చి ఆటోలనే మర్ల తీస్కవోతున్రు."

రజిత కట్ట అక్కడే పెట్టేసింది. దారిలో అడిగింది.

"బోరు నీళ్లతోని కడుగుతరని నువ్వే జెప్పినవ్ గద?"

ఇంటికి రాగానే ఫోటో తీసేశాను. అప్పటికి అది నా చేతిలో లేదు.

నాన్న పోయాక నువ్వు గంప నెత్తిన పెట్టుకుని గోంగూర, తోటకూర అమ్మి నన్ను ఐటీఐ చదివించావు. ఒక రోజు కూర అమ్ముడుపోకపోతే ఇంట్లో ఎట్లా ఉండేదో నాకు తెలియదా? తెలిసిన నేనే ఆ పని చేశాను.

తర్వాతి ఆదివారం నడక ఆ ఊరి నుంచే మొదలవ్వాలి. జ్వరమని చెప్పి పడుకున్నాను. ఆ పై వారం, ఆ ముక్క బుధవారం సెలవు పెట్టి ఒక్కడినే నడిచానని సారుకు చెప్పి మళ్లీ గుంపులో కలిశాను. మాఘంలో వాడపల్లి చేరాం. రెండు నీళ్లు కలిసే చోట సారు అందరికీ శాలువాలు కప్పాడు. నా దగ్గరికి వచ్చేసరికి "జ్వరంతో ఒక వారం తప్పినా, ఒంటరిగా వెళ్లి పూర్తి చేసినవాడు" అని చప్పట్లు కొట్టించాడు. నేను తల వంచి శాలువా కప్పించుకున్నాను. అక్కడి నుంచే నీకు ఫోన్ చేసి అంతా నడిచేశానని చెప్పాను. నువ్వు పొదుపు సంఘంలో ఆడవాళ్లందరికీ చెప్పి బెల్లం పంచావట. స్వప్న చెప్పింది. ఆ రోజు నాకు అన్నం దిగలేదు.

పోయిన వారం శాలువా పట్టుకుని సారు ఇంటికి పోయాను. మొత్తం చెప్పాను. సారు బాపట్ల వైపు మనిషి, గొంతు పెంచడు.

"ఆ ఆదివారం ఆ ఊళ్లో మమ్మల్ని తిట్టి పంపారయ్యా. కెమెరాలవాళ్లు మళ్లీ వచ్చారని ఒకాయన రాయి కూడా ఎత్తాడు. ఎందుకో మాకు అర్థం కాలేదు. నీకు తెలుసు. తెలిసి మాకు ఒక్క మాట చెప్పలేదు."

"తప్పయింది సార్."

"నాకెందుకు చెప్తావు? వాళ్లకు చెప్పావా?"

శాలువా తీసుకుని లోపల పెట్టాడు. టీ ఇవ్వలేదు.

ఈ రోజు పొద్దున్నే అక్కడికి పోయాను. కెమెరా ఇంట్లోనే పెట్టాను. పాలకూర మడి లేదు. అక్కడంతా బర్రెల గడ్డి. యాదమ్మ గడ్డి కోస్తూ నన్ను గుర్తుపట్టింది.

"ఫోటో పోరడా! రా బిడ్డా, కూసో. ఇన్ని రోజులేడ వోయినవ్?"

నేను నిలబడే ఉన్నాను. ఆమే చెప్పుకుపోయింది.

"నీ ఫోటో ఎవడో పాపపోడు దొంగిలిచ్చి దానికింద అబద్ధం రాసిండంట. మావోళ్లు నిన్నే తిడ్తుంటె నేను కొట్లాడిన. మా సద్ది తిన్న పోరడు గట్ల జెయ్యడన్న."

"ఎవ్వడు దొంగిలియ్యలేదమ్మా. రాసింది నేనే."

"ఏందీ?"

మళ్లీ చెప్పాను. కొడవలి పట్టిన చెయ్యి ఆగిపోయింది.

"నువ్వు సూస్తనే ఉంటివి గద బిడ్డా. నేను తొట్టి కాడ కడుగుతుంటె కట్టలు అందిచ్చింది నువ్వే గద."

అవునక్కా. ఆ రోజు ఒక్కొక్క కట్టా నేనే ఆమె చేతికి అందించాను. ఈ మాట పైన రాయవలసింది, చెయ్యి రాలేదు.

మార్కెట్‌కు వచ్చి అందరి ముందూ నిజం చెబుతానన్నాను.

"ఇప్పుడు జెప్తె ఏమొస్తది? మడి దున్నేసినం. గడ్డి వెట్టినం. ఆయన పోచారంల వాచ్‌మన్ పనికి వోతుండు." కొడవలి కింద పెట్టి నెమ్మదిగా అంది, "నాకు జెప్పకపోయినా బాగుండు."

అంతలో యాదగిరి పార పట్టుకుని వచ్చాడు. యాదమ్మే చెప్పింది. ఆయన నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"ఎందుకొచ్చినవ్ మరి?"

"చెప్పి, నడవని ముక్క నడ్సి పోదామని."

"అయితె నడువు," అని మొహం తిప్పుకున్నాడు.

ఏటి గట్టు పట్టి బయలుదేరాను. అర గంట పోయాక వెనక అడుగుల చప్పుడు. చూస్తే యాదగిరి, చేతిలో పార. ఆయన నన్ను దాటుకుని ముందుకు పోయి అన్నాడు.

"గటు గాదు. మొన్నటి వానకాలంల గట్టు తెగింది, లోపట ఊబి ఉన్నది. గిట్ల రా."

ముళ్లకంపలోంచి దారి చేస్తూ ముందు నడిచాడు. నేను వెనక నడిచాను. ఆ ఆదివారం మావాళ్లు నడక ఆపిన వంతెన కనబడేదాకా ఆయన ఆగలేదు. నేను "అన్నా" అంటే తిరిగి చూడలేదు. వంతెన కనబడగానే పారతో అటు చూపించి, అట్లాగే వెనక్కి తిరిగి పోయాడు. ఆయన గడ్డిలో కలిసిపోయేదాకా నేను అక్కడే నిలబడ్డాను. నా అంతట నేను పూర్తి చేద్దామని పోయిన ముక్కను ఆయనే నాతో నడిపించాడు. దండం పెట్టనియ్యలేదు కూడా.

ఇంటికొచ్చి ఫేస్‌బుక్‌లో నా పేరుతోనే జరిగింది జరిగినట్టు రాసి పెట్టాను. ఇప్పటిదాకా చూసినవాళ్లు కొద్దిమందే. రేపు షిఫ్టుకు ముందు ఉప్పల్ మార్కెట్‌కు పోయి నోటితో కూడా చెబుతాను. యాదమ్మకు దాంతో ఏమీ రాదని తెలుసు. అయినా చెబుతాను.

నా కాళ్లు నొప్పి తప్ప ఒళ్లు బాగానే ఉంది, భయపడకు. సంఘంలో వాళ్లకు ఏం చెబుతావో నీ ఇష్టం. దాచిపెట్టమని మాత్రం అడగను. మల్లయ్య మామకూ పెద్దమ్మకూ దండాలు చెప్పు. స్వప్నకు ముద్దులు. ప్రతిసారీ నీ దీవెనలు కోరుతూ ముగిస్తాను. ఈసారి కోరడానికి మొహం చెల్లడం లేదు. ఈ ఉత్తరం చదివి రెండు రోజులు ఫోన్ చెయ్యకు అక్కా. ఆ తర్వాత కూడా నాతో మాట్లాడాలనిపిస్తే చెయ్యి, "తిన్నవా" అని మాత్రం అడగకు.

నీ చేతుల మీద పెరిగిన తమ్ముడు,
సమ్మయ్య