రాజవ్వ వేలు గుర్తుపట్టని లినక్స్

మంగళవారం, రాత్రి

నేను నడిపే మీసేవ సెంటర్‌లో కంప్యూటర్ పాతదని కొత్త విండోస్ ఎక్కనంటోంది. పాత విండోస్‌కు అప్‌డేట్లు ఆగిపోయాయి. విసుగొచ్చి నిన్న విండోస్ తీసేసి, దాని బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించాను. ఎంత తేలికో! చిటికెలో తెరుచుకుంది, ప్రింటర్ కూడా అడక్కుండానే పనిచేసింది.

పొద్దున రాజవ్వ బీడీ పింఛన్ కోసం వచ్చింది. వేలిముద్ర మిషన్ వెలగనే లేదు. ఆమె వేలు కొంగుకు తుడిచి మళ్లీ మళ్లీ పెట్టింది.

"బీడీలు చుట్టి చుట్టి నా ఏలే అరిగిపోయింది బిడ్డా."

"నీ ఏలు మంచిగనే ఉందవ్వా, మిషనే పనిచేస్తలేదు" అన్నాను.

నమ్మలేదు. "రేపు నిమ్మకాయ రుద్దుకొని వస్త" అని పోయింది.

తర్వాత తెలిసింది, ఆ మిషన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, విండోస్‌కు తప్ప లినక్స్‌కు లేదట. సాయంత్రం పాత విండోసే మళ్లీ ఎక్కించబోతే సగంలో ఆగిపోయింది; ఇప్పుడు లినక్సూ లేదు, విండోసూ లేదు.

రేపు ఆ వేలు నిమ్మకాయ వాసనతో వస్తుంది. ఎక్కడ పెట్టమనాలి?