పండుగ కాకముందు పులుపు

1897 ఏప్రిల్ 6
నాన్నగారి ఉత్తరం. నేను సేవ చేయడానికి కొండల్లోకి వెళ్ళానని రాజమండ్రిలో అందరికీ చెబుతున్నారట. అమ్మేమో పెళ్ళి తప్పించుకోవడానికంటోందట. ఇద్దరికీ నేను అర్థం కాలేదు. మద్రాసులో మెడికల్ క్లాసు చదివొచ్చి వరండాలో మల్లెలు గుచ్చుతూ కూర్చోలేకపోయాను, అంతే. పోలవరం పైన ఈ కోయగూడెం డిస్పెన్సరీకి మనిషి కావాలన్నారు. వచ్చాను.

ఏప్రిల్ 9
పక్క గుడిసె ముసలమ్మ ముత్తి ఎండకు పడిపోయింది. సన్‌స్ట్రోక్. నీళ్ళు కూడా కక్కేస్తోంది. మామిడికాయ ఉడికించి, రసంలో ఉప్పు కలిపి పట్టాను. కొత్త పండుగనాడు చనిపోయిన పెద్దలకు పెట్టేదాకా ఇక్కడ ఎవరూ మామిడి ముట్టరు. చెట్ల నిండా కాయలున్నా పిల్లలు సైతం చెయ్యి చాపరు. తెలిసే పట్టాను. మందన్నాను.

ఏప్రిల్ 10
టెంపరేచర్ దిగింది. నాకు గర్వంగా ఉంది.

ఏప్రిల్ 12
ముత్తి లేచి కూర్చుంది. నా జుట్టు చూసి, ఏంటమ్మా, పిచ్చుకలేమైనా గూడు కట్టాయా అని నవ్వింది. ఆ పుల్లటి మందు ఇంకాస్త పొయ్యమంది. మామిడికాయే అవ్వా, అనేశాను గొప్పగా. నవ్వు ఆగిపోయింది. తెలియక తిన్నావుగా అన్నాను. నాలుక్కి తెలుసు గదమ్మా అంది. చచ్చి మావాళ్ళ దగ్గరికే పోవాలి, ఎంగిలి చేసిన ముసల్దొచ్చిందని వాకిట్లోనే నిలబెడతారు అంది.

ఏప్రిల్ 15
ఏమీ తినడం లేదు. నా చేతి నీళ్ళు కూడా వద్దంటోంది. చావుకు భయం లేదట, అక్కడ ఒంటరిగా ఉండడానికేనట భయం. నా టెక్స్ట్‌బుక్‌లో చావంటే పల్స్ ఆగిపోవడం. ఆ ఒక్క వాక్యంతో ఇంతదూరం వచ్చాను.

ఏప్రిల్ 16, సాయంత్రం
గూడెం పూజారికి చెప్పేశాను. తిడతాడనుకున్నాను. పట్నం పిల్లవి, ఆకలేసి నువ్వే తిన్నా బాగుండేది అన్నాడు. తినిపించిన మనిషి పండుగనాడు, చనిపోయిన పెద్దల గుర్తుగా పాతిన రాళ్ళ ముందు నిలబడి తప్పు నాదని చెబితే ముత్తిని రానిస్తారట. కానీ వచ్చే ఏడాది పండుగ దాకా గూడెం విడిచిపోకూడదట. పారిపోయినవాళ్ళ మాట పెద్దలు వినరట.
ముత్తి దగ్గర కూర్చుని ఇదంతా చెప్పాను. ఉంటావా అంది.
నేను పలకలేదు.

ఏప్రిల్ 18
తెల్లవారుతుండగా పోయింది. అప్పటికీ పలకలేదు నేను.

ఏప్రిల్ 20
అన్నయ్య చంద్రరావు పడవ తెచ్చాడు. రాళ్ళతో మాట్లాడతానంటే జనం నవ్వుతారే, పెట్టె సర్దు అన్నాడు. రాళ్ళు వింటాయని నేనూ నమ్మను. అయినా చెబుతాను. అన్నయ్యను వెళ్ళిపొమ్మన్నాను. ఏడాది ఇక్కడే ఉంటున్నాను.