చింతపండుతో తోమిన ఈజిప్టు బుడ్డి

చక్రధర్ అంకుల్ గారికి,

మీ పేరుతో ప్రదర్శనలో పెట్టాలని మా మ్యూజియానికి పంపిన ఈజిప్టు నీలం గాజుబుడ్డిని చూశాం. ఫారోల కాలంలో గొట్టంతో గాజును ఊది బుడ్డీలు చేసేవారు కాదు. మట్టిముద్ద చుట్టూ కరిగిన గాజును చుట్టి, చల్లారాక మట్టిని గీకేసేవారు. లోపల కొంత మిగిలిపోయేది. అసలుదో నకిలీదో తేల్చడానికి మావాళ్ళు ముందు వెతికేది ఆ మట్టినే. మీ బుడ్డి లోపల మాత్రం తళతళలాడుతోంది.

ఫోన్ చేస్తే మీరు, "మీ ఆంటీ దేవుడి సామాన్లతో పాటు చింతపండు పెట్టి తోమిందమ్మా" అన్నారు. వెనక నుంచి ఆంటీ, "నేను వద్దంటుంటే బాటిల్ బ్రష్ దూర్చింది ఎవరండీ?" అన్నారు.

నలభై ఏళ్ళు గుండె డాక్టరుగా చేశారు. ఎక్కడ అడ్డం కనిపించినా తీసేయకుండా ఉండలేరు, అర్థం చేసుకోగలను.

అదృష్టం, మెడ వంపులో మీ బ్రష్ అందని చోట ఆవగింజంత మట్టి దొరికింది. దాన్ని చూసే మ్యూజియం బుడ్డిని తీసుకోవడానికి ఒప్పుకుంది. ఫారంలో "ఎవరు శుభ్రం చేశారు" అన్నచోట మీ పేరే రాయండి. అసలు తోమిందెవరో ఆంటీని నేను అడిగి తెలుసుకున్నాను.

మొన్న ప్లేనోలో మనవాళ్ళంతా తలో వంట తెచ్చుకున్న పాట్‌లక్‌లో, "గాజుముక్కలకి పీహెచ్‌డీ ఎందుకమ్మా?" అని అందరి ముందూ అడిగారు. అప్పుడు సిగ్గుపడి చెప్పలేదు.

ఇందుకే, అంకుల్.

మీ గాజుముక్కల అమ్మాయి