కావేరమ్మ కిటికీకి ఎదురుగా

జువ్వలదిన్నె,
శనివారం, మధ్యాహ్నం

అక్కకి,

నీ చెల్లెలు సుభ నమస్కారాలు. మేం ముగ్గురం ఇక్కడ ఆరోగ్యంగా ఉన్నాం. అక్కడ నువ్వు, బావ, పిల్లలు కూడా అలాగే ఉన్నారని అనుకుంటున్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బుచ్చిలో డాక్టరు రాసిన నూనె రోజూ రాస్తున్నావా, లేక సీసా అలాగే బీరువా మీద ఉందా?

ఫోన్ చేతిలో ఉండగా ఉత్తరం రాయడమేమిటని బావ నవ్వుతారు. నవ్వనీ. ఈ ఇంట్లో సిగ్నల్ వంటింట్లోనే వస్తుంది. ఆ వంటింటి కిటికీకి ఎదురుగా, అటూ ఇటూ చేతులు చాపితే తగిలేంత దూరంలో ఇంకో వంటింటి కిటికీ ఉంది. నేను నీతో మాట్లాడే ప్రతి మాటా అక్కడ వినిపిస్తుంది. నేను చెప్పాల్సిందేమో ఆ కిటికీ గురించే. అందుకని పోస్టులో వేస్తున్నాను. మీ మరిది బియ్యం కోసం వచ్చినప్పుడు ఈ ఉత్తరం మాట ఆయన దగ్గర ఎత్తకు.

ముందు మంచి సంగతులు. ఆయనకు ఐస్ ఫ్యాక్టరీలో మోటార్లు చూసే పని కుదురుకుంది. కౌలు పొలం వదిలి వచ్చేటప్పుడు ఉన్న బెంగ ఇప్పుడు ముఖంలో లేదు. నేను ముందుగదిలో కుట్టుమిషన్ వేసుకున్నాను. ఇప్పటికి ఆరు జాకెట్లు కుట్టాను. ఆరూ పక్క వీధి వాళ్లవే, మా సందు వాళ్లది ఒక్కటీ లేదు. గాలి ఎప్పుడూ వీస్తూనే ఉంటుంది. డబ్బాలో ఉప్పు ముద్దవుతుంది, అప్పడం వేయించిన పావుగంటకే మెత్తబడుతుంది, స్టవ్ కాళ్లకు అప్పుడే తుప్పు పట్టింది. ఇవన్నీ అలవాటయ్యాయి. నేను బాగానే ఉన్నాను, నువ్వు దిగులు పడకు.

ఆయన పనికి వెళితే ఇంట్లో నేనూ అత్తా. ఒక నెల ఉండి చూస్తానని, కుదరకపోతే నాయుడుపేటలో చిన్నకొడుకు దగ్గరికి పోతానని అత్త బయల్దేరేటప్పుడే చెప్పింది. ఆమె వెళ్లిపోతే పగలంతా ఇక్కడ నేనొక్కదాన్నే. ఆమె ఉండాలని నాకు ఎంతగా ఉందో ఆమెతో ఎప్పుడూ అనలేదు. పన్నెండేళ్లలో మేమిద్దరం పనుల గురించి తప్ప మాట్లాడుకున్నది తక్కువని నీకు తెలుసు.

ఇక కిటికీ. రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు, ఇనుప చువ్వలు, చెక్క రెక్కలు. రెక్కలు మూస్తే గాలి, వెలుతురు రెండూ ఉండవు. తెరిస్తే సందంతా నా పొయ్యి ముందు ఉన్నట్టే. మన ఊళ్లో వంటిల్లు వెనక ఉంటుంది, పెరడు దాటి ఎవరూ రారు. ఇక్కడ మొదటి రోజే ముగ్గురు ఆడవాళ్లు చువ్వల్లోంచి తొంగిచూసి "ఏం కూరమ్మా?" అని అడిగారు. నేను నైటీలో, చెమటతో ఉన్నాను. ఏదో గొణిగాను. చేపల బుట్టలు ఆ సందులోంచే వెళతాయి, నీళ్లు కారుతూ. మొదటి మూడు రోజులు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నమాట నిజం. నీ దగ్గర దాచడమెందుకు.

నాలుగో రోజు కిటికీ లోపలివైపు గాజుపలకలాంటి ప్లాస్టిక్ షీటు కొట్టించి, దాని మీద పేపర్లు అంటించాను. ఎదురు వరసలో వల అల్లే ఒక పెద్దాయన మర్నాడు పొద్దున బీడీ పట్టుకుని కిటికీ ముందు నిలబడ్డాడు. పేపరంతా చదివి, లోపలికి వినబడేలా అన్నాడు: "రెండో పేజీ గూడా అంటించు పాపా, వార్త సగంలో ఆగిపోయిండాది." పేపర్లు పీకేశాను. పెళ్లినాటి నేత చీర, వెంకటగిరిది, అంచు బాగుండి మధ్యలో చిరిగింది ఉందే, అది కోసి పైనుంచి కింద దాకా తెర కుట్టాను. బాగానే వచ్చింది. కానీ ఎదుటి కిటికీ ముందు అది ఆరేసిన చీరలా ఉంది.

ఎదుటి కిటికీ కావేరమ్మది. భర్తకు సొంత పడవ ఉంది. యాభై ఏళ్లు ఉంటాయి. ఆమె కిటికీ రెక్కలకు పడవకు వేసే నీలం పెయింటు, అంచుకు పసుపు గీత. కింది సగానికి పలచటి తెల్ల తెర, పై సగానికి ఏమీ లేదు. గట్టు మీద మూడు పెయింటు డబ్బాల్లో పది గంటల పూల మొక్కలు. ఆమె కట్టుకున్నది, వండుతున్నది బయటికి కనిపించవు. ముఖం మాత్రం అందరికీ కనిపిస్తుంది. పూలు విచ్చుకునే వేళకు సందులో వెళ్లేవాళ్లు ఆగుతారు, పై సగంలోంచి మాట్లాడతారు. మీ మరిది కూడా ఒకరోజు కంచం ముందు కూర్చుని "ఆ ఇంట్లో కిటికీని చూస్తే ఇల్లని తెలుస్తుంది" అన్నారు. మా కిటికీని చూస్తే ఏం తెలుస్తుందో చెప్పలేదు. నేనూ అడగలేదు.

అత్త రోజూ మధ్యాహ్నం ఆ కిటికీ కింద అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టింది. తెర వెనక నేను గిన్నెలు తోముతూ వినేదాన్ని. తన పుట్టింట్లో ఎడ్ల పేర్లు చెప్పింది. మామయ్య పెళ్లిచూపులకు ఒకే చెప్పుతో వచ్చిన సంగతి చెప్పింది. చేపల పులుసులో మామిడికాయ ఎప్పుడు వేయాలో చెప్పింది. ఇందులో ఒక్కటీ నాకు ఎప్పుడూ చెప్పలేదు. కావేరమ్మ నవ్వితే అత్త కూడా నవ్వేది. నాకు అసూయ కలిగింది, అక్కా. వేరే పేరు పెట్టి రాయను.

పైగా చేపలు. పడవ వచ్చిన పొద్దున కావేరమ్మ సందులో ప్రతి వంటింటి కిటికీలోంచి నాలుగు కూర చేపలు అందిస్తుంది. ఇక్కడ ఎవరి పడవ వచ్చినా అంతే, కూరకు పక్కింటి కిటికీలో పడాల్సిందే. మా పక్క ఇంటికి ఇచ్చేది, మమ్మల్ని దాటి ఆ పక్క ఇంటికి ఇచ్చేది. బుట్టలవాళ్లు మా గోడ దగ్గరికి రాగానే బుట్ట అవతలి చంకకు మార్చుకునేవాళ్లు. ఒకరోజు కానాగంత చేపలు కొందామని ఒకామెను ఆపితే తల అడ్డంగా ఊపి గబగబా వెళ్లిపోయింది. పై ఊళ్ల నుంచి వచ్చినవాళ్లమని లెక్కచేయడం లేదనుకున్నాను. అత్త మాత్రం ఎదురింట్లో తిని వచ్చి, "నాకు ఆకలి లేదే" అనేది.

నేను ఏం చేశానో విను. కావలి వెళ్లి పూల డిజైను మసక స్టిక్కరు, లేసు, ప్లాస్టిక్ ఆకుల తీగ తెచ్చాను. షీటంతా స్టిక్కరు అంటించి, మీద చీర తెర, దానికి లేసు, చుట్టూ తీగ. సందులో అంత ముస్తాబైన కిటికీ ఇంకోటి లేదు. ఆ వారం మా గోడ వైపు చూసేవాళ్లు కూడా తగ్గిపోయారు. కొందరు ఆగి, గోడను తాకి కళ్లకు అద్దుకుని పోయారు. అదేమిటో నాకు అర్థం కాలేదు.

నెల నిండింది. ఆదివారం చిన్నకొడుకు వచ్చి తీసుకుపోతాడని అత్త సంచి సర్దుకుంది. గురువారం పొద్దున పడవ వచ్చింది. కావేరమ్మ పక్కింటి కిటికీలో చేపలు వేసి మమ్మల్ని దాటుతుంటే నేను గుమ్మంలోకి వచ్చాను. అత్త ఎదుటి అరుగు మీద ఉంది.

"మా ఇల్లు నీ కంటికి ఆనదా కావేరమ్మక్కా?" అన్నాను.

ఆమె చేపల చేతిని వెనక్కి దాచుకుంది. "అదేంది మా, అట్టంటావు? దీక్షలో ఉండే ఇంటికి నీసు ఎట్టిచ్చేది?"

"ఎవరికి దీక్ష?"

"నీకే గదా. నలభై దినాలు నీసు ముట్టవని, కిటికీ గూడా కప్పేసినావని మీ అత్తే చెప్పింది. అందుకే గదా మేం బుట్ట గూడా ఆ పక్కకు పెట్టుకొని పోతుండాం. నా జాకెట్ గుడ్డ నీకివ్వాలని ఉండాది, చేపల చేత్తో ఎట్ట తెచ్చేదని ఆగినా."

నేను అత్త వైపు చూశాను. అత్త నేలకేసి చూసింది. పక్కింటామె, ఇంకో ఇద్దరు గుమ్మాల్లోకి వచ్చారు. నేను ఒక్క మాటంటే అత్త సందులో అబద్ధాలకోరు అవుతుంది. అప్పుడు ఆదివారం దాకా కూడా ఆగదు.

"మర్చిపోయి అడిగాను" అన్నాను.

"మనసు పోతుండాది పాపం" అంది కావేరమ్మ. అందరూ నవ్వారు. "ఓర్చుకో. ఇంగ పదకొండు దినాలే."

లోపలికి వచ్చాక అత్తను నిలదీశాను. ఆమె మంచం మీద కూర్చుని సంచి తాడు ముడి విప్పుతూ చెప్పింది.

"ముక్కుకు కొంగు పెట్టుకొనింది ఎవురు? కిటికీకి కాగితాలు అంటించింది ఎవురు? ఆ పిల్లకు పొగరా, మా కంపు పడదా అని నన్నడిగినారు. నేనేం చెప్పేది? అవునని చెప్పేదా? మొక్కు అన్నా. మొక్కంటే ఎవురూ ఏమీ అనరు."

"ఇంట్లో నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదత్తా."

"నువ్వు ఏనాడన్నా అడిగినావా, ఎదురింట్లో కూర్చుని ఏం మాట్లాడతుండావని?"

అడగలేదు. అది వాస్తవం. చేపలు ఇంటికి తెస్తే మాట పోతుందని అక్కడే రెండు ముద్దలు తిని వచ్చేదట. నా పేరు నిలబెట్టడానికి. ఇది తెలిశాక నా అసూయ పోవాలి. పూర్తిగా పోలేదు. నన్ను గురించి ఒక అబద్ధం కట్టి, దాన్ని నెల రోజులు మోసింది, సంతోషమే. కానీ అది కూడా కావేరమ్మతోనే చెప్పింది.

శుక్రవారం స్టిక్కరు గీకేశాను, షీటు పీకేశాను. లేసు, ప్లాస్టిక్ తీగ డబ్బాలో పడేశాను. చీర తెరను సగానికి కోసి, కింది సగానికి మాత్రం ఇనుప తీగ మీద కట్టాను. చీర అంచు పైకి వచ్చింది, బాగుంది. పొయ్యి కనిపించదు, నైటీ కనిపించదు. కావేరమ్మ ఎదుటి నుంచి చూసి, "దీక్షలో ఉన్నా తెరుచుకోవచ్చులే మా, మాటలకు నీసు లేదుగా" అంది. తర్వాత "ఏం కూర?" అంది. బీరకాయ అని చెప్పాను. ఇంకా తొమ్మిది రోజులు ఇలాంటివే చెప్పాలి. మొక్కుకోని మొక్కును మొక్కినదానికన్నా నిష్ఠగా చేస్తున్నాను. మీ మరిది హార్బరు దగ్గర తిని వస్తున్నారు, ఆయన గురించి దిగులు లేదు.

నీ నుంచి రెండు కావాలి. ఒకటి, దోసావకాయ ఒక సీసా, ఈ తొమ్మిది రోజులూ గడవాలి. రెండు, కిటికీ గట్టు మీదికి మొక్క. ఉప్పుగాలికి తట్టుకునేది, కావేరమ్మ దగ్గర లేనిది. ఆమె తన పూలకొమ్మ తుంచి ఇస్తానంది. వద్దన్నాను. రెండూ మీ మరిది చేతికి ఇచ్చి పంపు.

పెద్దమ్మకు, బావకు నా నమస్కారాలు చెప్పు. పిల్లల్ని అడిగానను. మమ్మల్ని ముగ్గురినీ మనసారా దీవించు. అవును, ముగ్గురం అనే రాస్తున్నాను. అత్త ఈ పొద్దున నాయుడుపేటకు ఫోన్ చేసి, రేపు రావద్దని కొడుకుతో చెప్పింది. ఎందుకని అతను అడిగినట్టున్నాడు. "ఈడ కిటికీ కాడ పని ఉండాది" అంది. ఏ కిటికీ దగ్గరో నేను అడగలేదు.

ఇట్లు
నీ చెల్లెలు
సుభ