అమ్మ చారు ఎప్పుడూ విరగలేదట

కాలిమ్నోస్,
ఫిబ్రవరి 22, 1994.

పిరేయస్‌లో ఉన్న థెమెలీనా వదినకి, నీ మరదలు సెవస్తీ నమస్కారాలు పెట్టి రాసేది.

ముందు క్షేమసమాచారం రాయకపోతే నువ్వు ఉత్తరం మడిచి పక్కన పడేస్తావని తెలుసు కాబట్టి రాస్తున్నాను. మేం బాగున్నాం. నా మోకాళ్ళు బాగాలేవు, వాటి మాట వదిలెయ్. వాతీ లోయలో నిమ్మచెట్లు ఈసారి కొమ్మలు నేలకి ఆనేలా కాశాయి. నీకో బుట్ట పంపుదామంటే ఓడలో వచ్చేవాళ్ళెవరూ దొరకలేదు. నీ మనవరాలికి దగ్గు తగ్గిందని విని సంతోషించాం.

ఇక మీ తమ్ముడి సంగతి. ఫోన్‌లో చెబుదామంటే పక్కనే నిలబడి గుడ్లురుముతాడు. అందుకే కాగితం పట్టాను.

అక్టోబరులో ఎదురు దీవి టెలెండోస్ నుంచి జనాన్ని తీసుకొస్తూ పడవలోనే తూలి చుక్కాని మీద పడ్డాడు. ఎండ దెబ్బ అని నీకు చెప్పించాడు కదూ? అక్టోబరులో ఎండేమిటి వదినా! అది షుగరు. డాక్టరు అన్నం వద్దన్నాడు, రొట్టె వద్దన్నాడు, బంగాళాదుంప, మాకరోనీ ఏవీ వద్దన్నాడు. ఫిబ్రవరిలో మళ్ళీ రక్తం చూస్తామనీ, అప్పటికి షుగరు దిగకపోతే పడవ లైసెన్సుకి సంతకం పెట్టననీ మొహం మీదే చెప్పాడు. మీ అమ్మ పేరు పెట్టుకున్న పడవది. 'కలోతీనా'ని ఇంకొకడి చేతుల్లో పెట్టి ఒడ్డున కూర్చోమంటే ఈ మనిషి బతుకుతాడా? ఆ రోజు నేను వంటింట్లో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను.

మరి ఆయనగారేమైనా మాట విన్నాడా? ఆకుకూర ఉడికించి ఆలివ్ నూనె పోసి పెడితే, నేనేమైనా మేకనా అన్నాడు. చేప పెడితే, రొట్టె లేకుండా చేపెలా దిగుతుందే అన్నాడు. విసురుగా లేచి రేవు దగ్గర కాఫీ కొట్టుకి పోయేవాడు. తిరిగొచ్చాక మీసంలో రొట్టెపొడి పెట్టుకుని, నేనేం తినలేదే, దేవుడి తోడు, అనేవాడు. దేవుడికి కూడా నవ్వొచ్చి ఉంటుంది.

జనవరిలో నేను పళ్ళెం నేలకేసి కొట్టాను. అవును, నువ్వు పెళ్ళికి పెట్టిన నీలంగీతల పళ్ళెమే. అప్పుడు దిగొచ్చాడు. చిన్నపిల్లాడిలా గొంతు తగ్గించి, నాకు అమ్మ చేసిన కోడిచారు చేసిపెట్టు, గుడ్డూ నిమ్మరసం కలిపింది, అదొక్కటుంటే రొట్టె ముట్టను, అన్నాడు.

ఆ చారులో బియ్యం వెయ్యాలని నీకు చెప్పాలా? నేను కాలీఫ్లవర్‌ని బియ్యపుగింజంత సన్నగా తురిమి వేశాను. చూడ్డానికి అచ్చం అన్నంలాగే ఉంది. ఆదివారం పూట ముదురు కోడిపెట్టని రెండు గంటలు ఉడికించాను. గుడ్లు గిలక్కొట్టి, నిమ్మరసం పిండి, వేడి చారు కొంచెం కొంచెం కలిపి, కుండలో సన్నధారగా పోస్తూ చారు విరగకూడదని మన ఆచారం ప్రకారం మ్చ్ మ్చ్ మని గాలిలో ముద్దులు కూడా పెట్టాను. అయినా చారు విరిగింది! గుడ్డు తునకలు తునకలుగా పైకి తేలింది. మీ తమ్ముడు కుండలోకి తొంగిచూసి, అక్క ముద్దులుంటే విరిగేది కాదు, అన్నాడు. ముప్పై ఏళ్ళుగా వంట చేస్తున్న నా మూతికి ఆ మర్యాద జరిగింది.

ఆ రోజు మీ చిన్నతనం అంతా చెప్పుకొచ్చాడు. మీ నాన్న సముద్రపు స్పాంజిల కోసం నీళ్ళలో దిగి పైకి రాని ఏడాదట, యుద్ధం వల్ల ఊళ్ళో బియ్యపుగింజ దొరకని ఏడాదట. గుడ్లు మానేసిన కోడిని మీ అమ్మ వండేదట. నువ్వు తిరగేసిన బకెట్టు మీద నిలబడి, గుడ్డుకి దిష్టి తగులుతుందని మీ అమ్మ చెబితే కళ్ళు గట్టిగా మూసుకుని, ముద్దుల మీద ముద్దులు పెట్టేదానివట. ముద్దులు పెట్టిన పిల్లకే మొదటి గిన్నె అని, నీకు ముందు పోసి, గడప మీద కూర్చుని తినమని పంపేదట. బియ్యం మళ్ళీ వచ్చాక వీధంతా, థెమెలీనాని పంపండమ్మా, చారు పోస్తున్నాం, అని పిలిచేవారట. ఇదంతా చెబుతూ ఎంతగా నవ్వాడో! అక్టోబరు తర్వాత ఆయన నవ్వు వినడం అదే మొదటిసారి. నాకు అప్పుడే నువ్వు కావాలనిపించింది వదినా.

రెండో ఆదివారమూ విరిగింది. అది పక్కింటి పిల్లులకి పోశాను. అప్పటికి నాకు కారణం తెలిసొచ్చింది. బియ్యపు గంజి ఉంటేనే గుడ్డు నిలుస్తుంది, లేకపోతే మంట మీద ఆగదు. మూడో ఆదివారం కుండ దించి, చల్లారనిచ్చి, అప్పుడు గుడ్డు కలిపాను. ఏం చెప్పను, పట్టులా వచ్చింది! గొప్పగా తెచ్చి ముందు పెట్టాను. మీ తమ్ముడు నాలుగు చెంచాలు మర్యాదగా తిని, బాగుంది గానీ అమ్మది కాదు, అన్నాడు. నాకు కడుపు మండిపోయింది.

నాలుగో ఆదివారం కిటికీలోంచి పక్కింటి ఫొతినీతో ఆవిడ పిల్లుల గురించే పోట్లాడుతున్నాను. ఇక్కడ గుడ్డు కలిపిన చారు పొయ్యి మీదే ఉండి తెర్లిపోయింది. అంతకుముందెప్పుడూ లేనంతగా విరిగింది. నీళ్ళు వేరు, గుడ్డు వేరు. పారబోయబోతుంటే మీ తమ్ముడు వాసన పట్టి వచ్చాడు. కుండ నా చేతిలోంచి లాక్కున్నాడు. కూర్చోనైనా లేదు, పొయ్యి దగ్గర నిలబడే తిన్నాడు, అడుగు కనిపించేదాకా తిన్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. ఇదేనే సెవస్తీ, అమ్మది ఇదే, అన్నాడు.

అప్పటినుంచి ప్రతిరోజూ నేను కావాలని చారు విరగ్గొడుతున్నాను. ఇలాంటి వంట ఏ ఇల్లాలైనా చేస్తుందా? కానీ మాట మీద నిలబడ్డాడు. రొట్టె ముట్టలేదు, కాఫీ కొట్టు వైపు కూడా పోలేదు. మొన్న శుక్రవారం రక్తం చూశారు. షుగరు దిగింది. డాక్టరు సంతకం పెట్టాడు. కాగితం చేతికొచ్చిన వెంటనే రేవుకి పోయి, ప్రయాణికులెవరూ లేకపోయినా పడవ కట్టు విప్పి ఓ చుట్టు తిరిగొచ్చాడు, పిచ్చివాడు. ఒడ్డున నిలబడి నేను చెయ్యి ఊపాను, నేనింకో పిచ్చిదాన్ని.

ఇప్పుడు నువ్వే చెప్పు. మీ అమ్మ చారు ఒక్కసారి కూడా విరగలేదని నా పెళ్ళి భోజనాల్లో నలుగురి ముందూ చెప్పావు. ఈయనేమో విరిగిందే అమ్మదంటున్నాడు. అదేమిటని అడిగితే నోరు విప్పడు. మీ అక్కాతమ్ముళ్ళలో ఎవరి మాట నమ్మాలి?

మనవరాలికి నా ముద్దులు. నీ ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
నీ మరదలు,
సెవస్తీ.

తా.క. కవరు అంటించి మళ్ళీ చించాను. ఈ ఉదయం మీ తమ్ముడు చెప్పేశాడు. నీతో అననని నా చేత ఒట్టు వేయించుకున్నాడు, కానీ ఇది కడుపులో దాచుకోవడం నా వల్ల కాదు.

మీ నాన్న పోయాక నువ్వు మాట్లాడటం మానేశావట కదా. ఎవరు పిలిచినా పలికేదానివి కాదట. అలాంటి పిల్ల నోట చప్పుడు వచ్చింది ఆ పొయ్యి దగ్గరేనట, ముద్దులు పెట్టేటప్పుడేనట. బియ్యం లేని ఆ ఏడాది చారు ప్రతిసారీ విరిగేది వదినా. నువ్వు కళ్ళు మూసుకుని ఉండగా మీ అమ్మ, కుండలో పోయకముందే, గుడ్డూ వేడి చారూ కలిపిన పళ్ళెంలోంచి నీ గిన్నె నింపి పక్కన పెట్టేసేది. నిన్ను గడప మీదకి పంపాక ఆవిడా, అయిదేళ్ళ తమ్ముడూ విరిగింది తినేవారు. అక్కకి చెప్పకురా, అది ముద్దులు మానేస్తే మళ్ళీ మూగదైపోతుంది, అందట. ఆయన ఇన్నేళ్ళూ చెప్పలేదు. మీ అమ్మ చేతి రుచి అంటే ఆయనకి ఆ విరిగిన చారే.

మార్చి ఆరు, ఈస్టరు ఉపవాసాలకి ముందు మాంసం తినే ఆఖరి ఆదివారం. ఓడెక్కి రా. నేను పోస్తాను, నువ్వు ముద్దులు పెట్టు. ఈసారి కళ్ళు మూసుకోకు.